బండిని ఓడెక్కించే ముందు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో మూడు, తమ టూవీలర్ బండిని విదేశానికి పంపడం గురించే ఉన్నాయి. ఒకరు జర్మనీ, ఒకరు ఇంగ్లండ్, ఇంకొకరు అమెరికా. సికింద్రాబాద్‌లో విదేశాలకు సామాన్లు పంపే ఆఫీసులో చాలా ఏళ్లు కాగితాలు చూసినదాన్ని. అందుకే ఈ మూడూ పక్కపక్కన పెట్టి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. రెండు నెలల్లో ఉద్యోగానికి జర్మనీలోని స్టుట్‌గార్ట్ వెళ్తున్నాను. పర్మనెంట్ ఉద్యోగమే. నాది 2021 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్. నాన్నగారు కొనిచ్చారు, ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. లదాఖ్, స్పితి తిరిగొచ్చిన బండి, అమ్మడానికి మనసొప్పడం లేదు. ప్యాకర్స్ వాళ్లు డోర్ టు డోర్ రేటు చెప్పి, మిగతాదంతా మేమే చూసుకుంటామంటున్నారు. ఫ్రెండ్స్ కార్నే (బండిని విదేశానికి తీసుకెళ్లి తిరిగి తెచ్చుకునే కస్టమ్స్ పుస్తకం) తీసుకుంటే సులువంటున్నారు. ఇదే మోడల్ జర్మనీలో కూడా అమ్మేవారు కదా, రిజిస్ట్రేషన్‌కి ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దన్న పాఠకుడు, హన్మకొండ)

జవాబు: బాబూ, ప్యాకర్స్ వాళ్ల రేటు కాగితం కాసేపు పక్కన పెట్టండి. ఈ పని మొత్తంలో ఓడ ఎక్కించడమే తేలిక. డబ్బు కడితే ఏ బండైనా హాంబర్గ్ చేరుతుంది. చేరిన బండికి జర్మన్ నంబర్ ప్లేటు ఇస్తారా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు బండి ఇక్కడ ఉండగానే తెలియాలి. ప్యాకర్స్ వాళ్లు 'అంతా మేమే' అంటే వాళ్ల దృష్టిలో అది మీ ఇంటి గుమ్మం దాకానే. గుమ్మంలో దించిన బండిని రోడ్డెక్కించే బాధ్యత వాళ్ల కొటేషన్‌లో ఉండదు. కావాలంటే అందులో రిజిస్ట్రేషన్ అనే మాట ఎక్కడైనా ఉందేమో వెతికి చూడండి.

అదే మోడల్ అక్కడా అమ్మేవారన్నది నిజమే. యూరప్ వెళ్లే హిమాలయన్, మన షోరూంకి వచ్చే హిమాలయన్ రెండూ చెన్నై దగ్గరి ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయి. తేడా కాగితంలో ఉంది. యూరప్ కోసం తయారైన ప్రతి బండికీ, దాని ఛాసిస్ నంబర్‌తో, యూరోపియన్ నిబంధనలకు సరిపోతుందని కంపెనీ ఒక ధ్రువపత్రం ఇస్తుంది. సర్టిఫికెట్ ఆఫ్ కన్ఫర్మిటీ అంటారు. అది చేతిలో ఉంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో పెద్దగా ప్రశ్నలు రావు. మీ బండి మన పొగ ప్రమాణమైన భారత్ స్టేజ్ 6 కింద పాసై మన రోడ్ల కోసం వచ్చింది. దాని ఛాసిస్ నంబర్ మీద ఆ ధ్రువపత్రం పుట్టలేదు.

అది లేని బండిని విడిగా పరీక్ష చేయించాలి. జర్మన్ నిబంధనల్లో 21వ సెక్షన్ కింద ఇంజినీర్ ఒక్కో భాగం చూసి రిపోర్ట్ రాస్తాడు. ముందు హెడ్‌లైట్ చూస్తాడు. మనం రోడ్డుకు ఎడమవైపు నడుపుతాం, వాళ్లు కుడివైపు. ఎడమ రోడ్డు కోసం వెలుగు పక్కకు పడేలా చేసిన లైటైతే అక్కడ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది, మార్చాలి. తర్వాత ప్రతి దీపం మీద, అద్దం మీద, హారన్ మీద, టైరు పక్కన గుండ్రటి గీతలో ఇంగ్లీషు 'ఈ' (E) అక్షరం, దాని పక్కన అంకె ఉందా అని చూస్తారు. అది యూరప్ ఆమోద ముద్ర. మన ముద్రలు వేరు. ఇవన్నీ మార్చుకోదగ్గవే, యూరప్ మోడల్ స్పేర్లు దొరుకుతాయి కాబట్టి. మీరు సైలెన్సర్ మార్పించి ఉంటే కంపెనీ ఇచ్చిన పాతదాన్నే మళ్లీ బిగించండి.

చిక్కు పొగ దగ్గర, శబ్దం దగ్గర వస్తుంది. ఈ బండి యూరో ప్రమాణాలకు సరిపోతుందని కాగితం మీద చూపించాలి. కంపెనీ నుంచి ఆ సమాచారం రాకపోతే ల్యాబ్‌లో పరీక్ష చేయించమంటారు. ఒక్క బండి కోసం ఆ పరీక్ష చేయిస్తే ఖర్చు బండి ఖరీదును దాటిపోగలదు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే, అదీ బండి గోడౌన్‌లో దిగి రోజువారీ అద్దె లెక్క మొదలయ్యాక.

అందుకని ఈ వారంలోనే రెండు మెయిళ్లు రాయండి. ఒకటి కంపెనీకి: ఛాసిస్ నంబర్ ఇచ్చి, ఈ బండి యూరప్ మోడల్‌తో ఏ విషయాల్లో సమానమో సాంకేతిక వివరాలు రాసివ్వగలరా అని. రెండోది స్టుట్‌గార్ట్‌లోని టీయూవీ లేదా డెక్రా (వాహనాల తనిఖీ సంస్థలు) కేంద్రానికి: ఆర్‌సీ, ఛాసిస్ ప్లేట్, లైట్లు, టైర్ల ఫోటోలు జతచేసి, ఏమేం మార్చాలి, ఏ పరీక్షలు కావాలి, ఎంతవుతుంది అని. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు, రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ జవాబు చూశాకే ఓడ సంగతి.

ఇక కస్టమ్స్. యూరోపియన్ యూనియన్‌కి కాపురం మార్చేవాళ్లకు సొంత సామాను మీద దిగుమతి సుంకం మినహాయింపు ఉంది. సొంత వాహనానికీ వర్తిస్తుంది. షరతులు కచ్చితమైనవి. అంతకుముందు కనీసం వరుసగా 12 నెలలు యూనియన్ బయట నివసించి ఉండాలి. వెళ్లేముందు కనీసం 6 నెలలు ఆ వస్తువు మీ దగ్గర ఉండి, మీరు వాడి ఉండాలి. అక్కడ స్థిరపడిన 12 నెలల్లోపు తెప్పించుకోవాలి. తెచ్చాక 12 నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, వేరేవాళ్లకు వాడుకోవడానికి కూడా ఇవ్వకూడదు.

ఆర్‌సీ నాన్నగారి పేరు మీద ఉండటం ఇక్కడ అడ్డొస్తుంది. ఫారం 29, 30తో ఇప్పుడు మీ పేరుకి మార్పించినా, బయల్దేరేనాటికి కాగితం మీద రెండు నెలలే కనబడుతుంది. సర్వీస్ బిల్లులు మీ పేరు మీద ఉంటే అన్నీ దాచిపెట్టండి. అవి చూసి అక్కడి అధికారి ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. అయినా పేరు మార్పు మాత్రం ఆపకండి, మీ పేరు లేని బండిని మీ సామానుగా చూపించలేరు. పెండింగ్ చలాన్లు ముందే కట్టేయండి. బండి మీద లోన్ ఉండి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించండి.

మినహాయింపు రాకపోయినా కుంగిపోనక్కర్లేదు. 250 సీసీ దాటిన బండికి సుంకం 6 శాతం, దాని పైన జర్మనీ దిగుమతి వ్యాట్ 19 శాతం. బండి విలువ, రవాణా కలిపి 2,000 యూరోలని లెక్కేస్తే సుంకం 120, వ్యాట్ సుమారు 403, మొత్తం 523 యూరోల దాకా. భరించలేని మొత్తం కాదు. కట్టినా, మినహాయింపు వచ్చినా, కస్టమ్స్ వ్యవహారం ముగిసిందని వాళ్లిచ్చే పత్రం మాత్రం జాగ్రత్త. అది లేకుండా రిజిస్ట్రేషన్ ఆఫీసు మీ ఫైలు తీసుకోదు.

కార్నే గురించి మీ ఫ్రెండ్స్ చెప్పింది మీకు పనికిరాదు. అది టూర్ వెళ్లొచ్చేవాళ్ల పుస్తకం. బండి తిరిగొస్తుందని హామీగా డిపాజిట్ పెట్టి తీసుకుంటారు. అక్కడ కాపురం పెట్టిన మనిషి మన నంబర్ ప్లేటుతో తిరుగుతూ ఉండటం కుదరదు.

మీ లైసెన్స్ సంగతి కూడా చెప్పాలి, దీన్ని ఎవరూ అడగరు. మన లైసెన్స్ అక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 6 నెలలే చెల్లుతుంది. తర్వాత రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ పాసవ్వాలి. రాత పరీక్ష ఇంగ్లీషులో రాయొచ్చు. మీ బండి సుమారు 24 బీహెచ్‌పీయే కాబట్టి 35 కిలోవాట్ల పరిమితి ఉన్న ఏ2 తరగతి సరిపోతుంది. ఏడాది పన్ను కూడా తక్కువే, ప్రతి 25 సీసీకి 1.84 యూరోల చొప్పున 411 సీసీకి 31 యూరోల చిల్లర. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, ఇనుముకి అది శత్రువు. అందుకే అక్కడ చాలామంది మార్చి నుంచి అక్టోబర్ దాకా మాత్రమే చెల్లే సీజన్ ప్లేటు తీసుకుంటారు. ఇన్సూరెన్స్, పన్ను ఆ నెలలకే కడతారు.

నా సలహా సూటిగా చెబుతాను. సామానుతో పాటు ఇప్పుడు పంపకండి. పేరు మార్పించి, బండిని నాన్నగారి దగ్గర ఉంచి మీరు వెళ్లండి. 12 నెలల గడువు ఉంది కదా. అక్కడ టీయూవీ కేంద్రానికి మీరే వెళ్లి మాట్లాడండి, లైసెన్స్ పరీక్ష పాసవ్వండి, ఒక చలికాలం చూడండి. రాతపూర్వకంగా 'అవును' అని వస్తే అప్పుడు తెప్పించుకోండి, ఆ బండితో మీకున్న అనుబంధానికి ఆ ఖర్చు న్యాయమే. 'కాదు' అని వస్తే, అన్ని కాగితాలూ ఉన్న సెకండ్ హ్యాండ్ హిమాలయన్ అక్కడే దొరుకుతుంది. లదాఖ్ చూసిన బండి హన్మకొండలోనే మీకోసం ఉంటుంది. నాన్నగారిని వారానికోసారి కాస్త దూరం తిప్పమనండి, ఇన్సూరెన్స్ మాత్రం తప్పనివ్వకండి.

ప్రశ్న: మేడమ్, నేను స్టాఫ్ నర్సుని. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లోని ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. నైట్ డ్యూటీలు ఉంటాయి, బస్సులు ఉండవేమోనని టెన్షన్‌గా ఉంది. మూడేళ్ల కిందట కొన్న నా యాక్టివాని తీసుకెళ్లవచ్చా? అక్కడా ఎడమవైపే నడుపుతారు కదా.
(పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, తీసుకెళ్లవచ్చు, కానీ వద్దంటాను.

రూల్ ప్రకారం దారి ఉంది. కాపురం మార్చేవాళ్లకు అక్కడ కూడా సుంకం, వ్యాట్ మినహాయింపు ఇస్తారు. 12 నెలలు బ్రిటన్ బయట ఉండి, బండిని 6 నెలలైనా వాడి ఉంటే చాలు. సామాను పంపకముందే దరఖాస్తు పెట్టి ఆమోదం తెచ్చుకోవాలి. బండి దిగిన 14 రోజుల్లోపు అక్కడి పన్నుల శాఖకు తెలపాలి. ఇక్కడిదాకా మీరు ఒక్కరే చేసుకోగలరు. కానీ పదేళ్లలోపు బండికి, యూరోపియన్ లేదా బ్రిటిష్ ఆమోదం లేకపోతే, టూవీలర్లకు విడిగా చేసే సింగిల్ వెహికల్ అప్రూవల్ పరీక్ష పాసవ్వాలి. అక్కడ దూరం మైళ్లలో కొలుస్తారు, స్పీడో మీటర్ మైళ్లలో చూపించాలి. మీ యాక్టివా కిలోమీటర్లే చూపిస్తుంది. దీపాలు, అద్దాలు, పొగ కాగితాలు పైన హన్మకొండ అబ్బాయికి చెప్పినవే.

110 సీసీ స్కూటర్ కోసం ఇంత తిరుగుడు, కొత్త ఉద్యోగంలో, నైట్ డ్యూటీల మధ్య మీకెందుకు? చెక్కపెట్టె, ఓడ కిరాయి, అక్కడి రేవు ఛార్జీలు కలిపితే ఆ స్కూటర్ విలువ దాటిపోయే అవకాశమే ఎక్కువ. మీ లైసెన్స్‌లో టూవీలర్ ఉంటే నివాసం మొదలైన 12 నెలల దాకా అక్కడ నడపొచ్చు. ఆలోపే ప్రొవిజనల్ లైసెన్స్ (అక్కడి లెర్నర్ లైసెన్స్) తీసుకుని, సీబీటీ అనే ప్రాథమిక శిక్షణ పూర్తి చేయండి. దాంతో 125 సీసీ దాకా స్కూటర్‌ని 'ఎల్' బోర్డుతో రెండేళ్లు నడపొచ్చు. అక్కడి తడి రోడ్లకి, రౌండెబౌట్లకి ఆ శిక్షణ మీకు నిజంగా మేలు చేస్తుంది. మొదటి నెల మాత్రం ఆసుపత్రికి నడిచి వెళ్లగలిగేంత దగ్గర్లో గది చూసుకోండి. ఇక్కడి హెల్మెట్ మీద ఐఎస్‌ఐ ముద్ర ఒక్కటే ఉంటే అది అక్కడ చట్టప్రకారం చాలదు. యూరప్ ప్రమాణం ఉన్నది కొనుక్కోండి, ఆ డబ్బు దగ్గర లెక్క చూడకండి.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో స్థిరపడ్డాడు. మా ఇంట్లో 1994 యమహా ఆర్‌ఎక్స్ 100 ఉంది, నేనే కొన్నాను, ఇంజిన్ ఒరిజినల్. నాకిప్పుడు మోకాళ్ల వల్ల కిక్ కొట్టడం కావడం లేదు. వాడు తనకు పంపమంటున్నాడు. అమెరికాకి కొత్త బండ్లే పంపనివ్వరని విన్నాను. ఇంత పాతదాన్ని రానిస్తారా? అక్కడి అధికారుల దగ్గర పని చేయించుకోవాలంటే ఏ కాగితాలు కావాలి?
(పాఠకులు, గుంటూరు)

జవాబు: అయ్యా, మీరు విన్నది నిజమే. అయితే మీ బండి విషయంలో దాని వయసే దారి తెరుస్తోంది. అమెరికా భద్రతా ప్రమాణాలకు తయారుకాని బండి 25 ఏళ్లలోపుదైతే మామూలు మనిషి దిగుమతి చేసుకోవడం దాదాపు అసాధ్యం. తయారై 25 ఏళ్లు నిండితే ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. పొగ విషయంలో 21 ఏళ్లు నిండి, ఒరిజినల్ స్థితిలో ఉంటే మినహాయింపు. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది కాబట్టి మన దగ్గరున్న ప్రతి ఆర్‌ఎక్స్ 100 ఈ రెండు గడువులూ దాటింది. (కెనడా వెళ్లేవాళ్లకు ఈ గడువు 15 ఏళ్లే.) దిగేటప్పుడు భద్రతకు హెచ్‌ఎస్-7, పొగకు 3520-1 అనే రెండు ఫారాలు నింపుతారు.

ఇంజిన్ ఒరిజినల్ అని మీరు రాసిన మాట చదివి సంతోషం వేసింది. స్పీడ్ కోసం బోర్ పెంచి, పోర్టులు గీకించిన ఆర్‌ఎక్స్‌లు మన దగ్గర చాలా తిరుగుతున్నాయి, వాటికి ఈ పొగ మినహాయింపు అడగడం కష్టం. మీ బండిని అలాగే ఉంచండి, పంపేముందు 'కొత్తగా' చేయించాలని చూడకండి. ఛాసిస్, ఇంజిన్ నంబర్ల మీద పెయింట్ పడనివ్వకండి. ఆ నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీయించి పెట్టుకోండి. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం స్పష్టంగా ఉండాలి, వయసుకు సాక్ష్యం అదే.

ముందు ఆర్‌సీ బతికి ఉందో లేదో చూడండి. 15 ఏళ్ల తర్వాత ప్రతి అయిదేళ్లకీ రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. చాలా ఇళ్లలో ఈ పని ఆగిపోయి ఉంటుంది. మీదీ ఆగితే రెన్యువల్ చేయించి, ఆర్‌టీఓ ఆఫీసులో ఎగుమతి కోసమని చెప్పి ఎన్‌ఓసీ అడగండి. మీ అబ్బాయికి ఇస్తున్నట్టు దానపత్రం గానీ అమ్మకపత్రం గానీ ఇంగ్లీషులో రాయించండి. అక్కడ టెక్సాస్‌లో టైటిల్ (బండి యాజమాన్య పత్రం) కావాలంటే ఒరిజినల్ ఆర్‌సీ, ఆ పత్రం, కస్టమ్స్ ముద్ర పడిన 7501 ఎంట్రీ ఫారం అడుగుతారు. ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే అమెరికా కస్టమ్స్‌కి సరుకు వివరాలు ఆన్‌లైన్‌లో చేరాలి. ఆలస్యమైతే 5,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. అందుకే కస్టమ్స్ పని చూసే బ్రోకర్‌ని మీ అబ్బాయి అక్కడ ముందు మాట్లాడుకున్నాకే ఇక్కడ పెట్టె కట్టించాలి. భారత్ నుంచి వెళ్లే సరుకు మీద అమెరికా సుంకం రేట్లు ఈ మధ్య తరచూ మారుతున్నాయి. బుక్ చేసే వారంలో ఆ బ్రోకర్‌నే అడిగించండి.

ప్యాకింగ్ గురించి కాస్త వివరంగా రాస్తాను, నష్టాలు ఎక్కువ జరిగేది అక్కడే. పెట్రోల్ ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేయించండి. ఆర్‌ఎక్స్‌కి 2టీ ఆయిల్ ట్యాంకు విడిగా ఉంటుంది కదా, అదీ మర్చిపోవద్దు. బ్యాటరీ వైర్లు విప్పి, కొనలకు టేప్ చుట్టాలి. మడ్‌గార్డ్ లోపలా, ఇంజిన్ కిందా మట్టి ఏమాత్రం లేకుండా కడిగించండి, బయటి దేశపు మట్టిని అమెరికా రేవుల్లో రానివ్వరు. అద్దాలు, హ్యాండిల్ విప్పి విడిగా చుట్టి పెట్టాలి. పెట్టె చిన్నదయితే కిరాయి తగ్గుతుంది. మీ ఒక్క బండికి కంటైనర్ అక్కర్లేదు. నలుగురి సరుకూ కలిపి వేసే ఎల్‌సీఎల్ పద్ధతిలో కిరాయి ఘనపు మీటర్ల మీద పడుతుంది. ఉదాహరణకు 2 మీటర్ల పొడవు, 0.8 వెడల్పు, 1.1 ఎత్తు ఉన్న పెట్టె 1.76 ఘనపు మీటర్లవుతుంది. హ్యాండిల్ విప్పకపోతే పెట్టె ఎత్తు, వెడల్పు పెరుగుతాయి.

చెక్కపెట్టె చేయించేటప్పుడు ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర ఉన్న చెక్కే కావాలని గట్టిగా అడగండి. పురుగు చావడానికి చెక్క లోపలి దాకా 56 డిగ్రీల వేడిని 30 నిమిషాలు పట్టించి, గోధుమ కంకి గుర్తున్న ముద్ర వేస్తారు. ఓసారి మా ఆఫీసు నుంచి వెళ్లిన పెట్టెలో అడుగు దుంగ ఒక్కటి ముద్ర లేనిది వేశాడు వడ్రంగి. అక్కడి రేవులో పెట్టె మొత్తం ఆపేశారు, బండి ఖర్చు ఎంతో గోడౌన్ అద్దె అంతయింది. పెట్టె మూయకముందు ప్రతి పలక మీద ముద్ర మీ కళ్లతో చూసి, ఫోటో తీసుకోండి.

కొటేషన్ తీసుకునేటప్పుడు ఇక్కడి కిరాయి చూసి సరే అనకండి. అక్కడ దిగాక టెర్మినల్ హ్యాండ్లింగ్, డెలివరీ ఆర్డర్, గోడౌన్, బ్రోకర్ ఫీజు అన్నీ విడివిడిగా పడతాయి, ఎల్‌సీఎల్‌లో ఇవే ఓడ కిరాయిని మించవచ్చు. 'హ్యూస్టన్ రేవులో మా అబ్బాయి చేతికిచ్చేదాకా ఎంత?' అని రాతపూర్వకంగా అడగండి. గుంటూరు నుంచి మీకు చెన్నై రేవు వీలు. మెరైన్ ఇన్సూరెన్స్ తప్పకుండా చేయించండి, మన టూవీలర్ పాలసీ సముద్రం మీద చెల్లదు.

మీ అబ్బాయికి నా మాటగా ఒకటి చెప్పండి. డల్లాస్ చుట్టూ ఉన్న ఫ్రీవేల మీద కార్లు, లారీలు గంటకు 70 మైళ్ల మీదే పోతుంటాయి. 98 సీసీ బండితో వాటి మధ్యకు వెళ్లకూడదు. కాలనీ రోడ్లలో ఆదివారం పూట నడుపుకోవడానికి, షెడ్డులో శుభ్రంగా ఉంచుకోవడానికి తెప్పించుకోమనండి. అతని టెక్సాస్ లైసెన్స్‌లో మోటార్‌సైకిల్ తరగతి విడిగా ఉండాలి, కారు లైసెన్స్ సరిపోదు. బండి వచ్చేలోగా ఆ కోర్సు పూర్తి చేయమనండి. పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు ఒక సెట్ ఇక్కడే కొని, వివరాలు ప్యాకింగ్ లిస్టులో రాసి, పెట్టెలో పెట్టి పంపండి. అక్కడ ఆ స్పేర్లు దొరకడం కష్టం.